ఈ ఏడు మంచుకోళ్లు తక్కువే

పోయిన ఆదివారం పొద్దున కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో నడుస్తుంటే, పొదలోంచి ఒక కౌజుపిట్ట బుర్రుమని లేచింది. నా ముందు నడుస్తున్న దంపతుల్లో భర్త ఫోన్ జారవిడిచాడు. భార్య అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను మాత్రం ఆగిపోయి, "సగటు కన్నా మెరుగు" అన్నాను. మనసులో అనుకోవాల్సింది పైకే వచ్చేసింది. వాళ్లిద్దరూ నన్ను అదోలా చూసి, పక్కకు జరిగి నన్ను ముందు పోనిచ్చారు.

పిట్ట లేస్తే అలా అనాలని నాకు అలవాటు చేసిన మనిషి ఇప్పుడు లేడు. ఆ రోజంతా ఆయనే గుర్తొచ్చాడు.

ఆయన పేరు రాయను. నిజానికి ఆయనకు రెండు పేర్లు. ఒకటి అనంతపురం జిల్లాలో వాళ్ల నాయన పెట్టింది. రెండోది మా ఆఫీసులో పెట్టింది, అది తెల్లవాళ్ల పేరు. ఆ రెండో పేరు పక్కన నెరిసిన గడ్డం, ఎర్ర గళ్ల చొక్కా, భుజం మీద తుపాకీతో ఒక ముసలాయన ఫొటో ఉండేది. ఆ ఫొటోలో ఉన్నదెవరో మాకూ తెలియదు. కానీ ఎక్కడో ఉత్తరాన, కెనడా సరిహద్దు దగ్గరి అడవుల్లో వేటాడేవాళ్లు ఆ ముసలాయన మాట కోసం ఎదురుచూసేవాళ్లు. ఈ ఏడు దుప్పులు ఎలా ఉన్నాయి, ఎలుగుబంట్లు ఎటు తిరుగుతున్నాయి, అడవికోళ్లు దొరుకుతాయా లేదా అని ఆయన రాస్తే, అది చదివి సెలవులు పెట్టుకుని, కుక్కల్ని బండెక్కించుకుని బయలుదేరేవాళ్లు. ఆ రాసే మనిషేమో బయోడైవర్సిటీ జంక్షన్ దాటాక ఒక అద్దాల భవనంలో, ఏసీ గాలి సూటిగా నెత్తికి తగిలే సీటులో, మఫ్లర్ చుట్టుకుని కూర్చునేవాడు. అందరం ఆయన్ని అన్నా అనే పిలిచేవాళ్లం.

మాది పరాయి దేశాల వెబ్‌సైట్లకు రాతలు రాసిచ్చే కంపెనీ. ఒకరు వాక్యూమ్ క్లీనర్ల గురించి రాసేవాళ్లు, ఒకరు పెళ్లి కేకుల గురించి. సిద్దిపేట నుంచి వచ్చిన నేను అందరి ఇంగ్లీషూ దిద్దేదాన్ని. అన్నకు వేట దక్కింది. అంతకుముందు ఆయన అనంతపురంలో ఒక చిన్న పత్రికకు వానలు, పంటల గురించి రాసేవాడు. ఆ పత్రిక మూతపడ్డాక హైదరాబాద్ వచ్చి ఇంటర్వ్యూకి కూర్చుంటే, మా మేనేజర్ ఒక్కటే అడిగాడట.

"సీజన్ ఎలా ఉంటుందో ముందే రాసిన అనుభవం ఉందాండి?"

"ఉండాది సార్. వేరుశనక్కాయకు రాసినా."

"అది చాలండి. వేరుశనగైతేనేం, దుప్పైతేనేం, సీజన్ సీజనే కదండీ" అన్నాడట మేనేజర్. ఆయన భీమవరం మనిషి. దేన్నైనా దేనితోనైనా కలిపేయగల నేర్పరి.

అలా వేటగాడైన అన్న జీవితంలో చీమను కూడా కావాలని తొక్కలేదు. ఆఫీసులో ఎవరి పుట్టినరోజైనా కేకు ముక్క చేతిలో పెట్టుకుని, "ఇందులో గుడ్డు ఉండాదా లేదా, నిజం చెప్పండప్పా" అని డబ్బా మీది అక్షరాలన్నీ చదివేవాడు. ఇక కుక్కంటే హడలు. మా గేటు దగ్గర ఒక గోధుమరంగు ముసలి కుక్క ఎప్పుడూ పడుకుని ఉండేది. ఆయన గేటు దాకా వచ్చి ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడేవాడు. ఎవరైనా వస్తే, వాళ్లు కుక్క వైపూ తాను గోడ వైపూ ఉండేలా చూసుకుని, చాలా ముఖ్యమైన విషయం మాట్లాడుతున్నట్టు లోపలికి నడిచేవాడు. నాతో అలా పెట్రోలు ధరల గురించీ, మా అమ్మ మోకాళ్ల గురించీ ఎన్నిసార్లు మాట్లాడాడో లెక్కలేదు. కుక్క దాటగానే మాట మధ్యలోనే ఆగిపోయేది.

"గా కుక్క లేవనే లేవది సార్. మీరే ఉత్తగ ఫికర్ పెట్టుకుంటున్రు" అనేవాడు పాలమూరు నుంచి వచ్చిన సెక్యూరిటీ మల్లేశం.

"లేవనిది యా పొద్దు లేస్తుందో నీకు తెలుసునా?" అనేవాడు అన్న.

ఆ ఉత్తరాది అడవి జంతువుల్లో ఆయన మొదట పట్టుకున్నది మూస్. మన దుప్పికి, గుర్రానికి, దున్నపోతుకు మధ్య ఉంటుంది. గుర్రమంత ఎత్తు, మూరెడు ముక్కు. ఆయన దానికి ముక్కన్న అని పేరు పెట్టాడు. దాని గురించి రాసిన మొట్టమొదటి అంచనా నా దగ్గరికి దిద్దడానికి వచ్చింది. చదువుతూ పోతే చివర్లో ఇలా ఉంది: "కొమ్ములు రెండూ సమంగా ఉన్నదాన్నే ఎంచుకోండి. నోరు తెరిపించి పళ్లు చూడండి. నడకలో తేడా కనిపిస్తే ధర తగ్గించమనండి."

"అన్నా, ఏంది ఇది? అంగట్ల ఎద్దును కొంటున్నరా?"

ఆయన స్క్రీన్ వైపు వంగి మళ్లీ చదువుకున్నాడు. "పెద్ద జంతువు గదా పాపా. అలవాటులో వచ్చేసింది."

నేను తీసేద్దామనుకునేలోపే మేనేజర్ దాన్ని పంపించేశాడు. అక్కడి వేటగాళ్లు దాన్ని హాస్యం అనుకుని విపరీతంగా మెచ్చుకున్నారు. దాంతో ఆ ఫొటోలో ముసలాయనకు చమత్కారి అని పేరొచ్చింది. అన్న మాత్రం, అందులో నవ్వడానికి ఏముందో తనకు అర్థం కాలేదని చాలాకాలం అంటుండేవాడు.

కానీ ఆయన మనసు పడింది ముక్కన్న మీద కాదు. గ్రౌస్ అనే పిట్ట మీద. మన అడవికోడి వంటిదే, బొద్దుగా, గోధుమరంగులో, మెడ చుట్టూ నల్లటి ఈకల పట్టీతో ఉంటుంది. ఆయన దానికి మంచుకోడి అని పేరు పెట్టి, ఆ పేరు పెట్టిన రోజు నుంచి దాని ఇంటిపెద్దలా మాట్లాడేవాడు. మగకోడి, నేలకూలిన మాను మీద నిలబడి, రెక్కలతో గాలిని కొట్టి చప్పుడు చేస్తుందట, ఆడకోడి వినాలని. మొదట నెమ్మదిగా, తర్వాత గబగబా. అది ఎలా ఉంటుందని ఎవరైనా అడిగారా, అంతే. కేఫెటేరియాలో టిఫిన్ డబ్బా పక్కన పెట్టి లేచి నిలబడి, మోచేతులతో పక్కటెముకల మీద కొట్టుకునేవాడు. "డబ్... డబ్... డబ్ డబ్ డబ్ డబ్‌డబ్‌డబ్." కొత్తగా చేరినవాళ్లు నీళ్లు తెచ్చిచ్చేవాళ్లు.

చలికాలంలో మెత్తటి మంచు లోతుగా పడితే ఆ కోడికి మేలు. పొద్దుగూకే వేళ ఎగిరొచ్చి తలకిందులుగా మంచులోకి దూకి, లోపల వెచ్చగా పడుకుంటుంది. అదే మంచు మీద వాన పడి పెచ్చు కట్టిందా, దూకడానికి చోటుండదు. ఈ సంగతి చూపించడానికి ఆయన ఒకసారి ఆటల గదిలో కూర్చోవడానికి వేసిన బీన్ బ్యాగ్ సంచీ మీదికి తలకిందులుగా దూకాడు. సంచీ పిగిలింది. థర్మోకోల్ గుళికలు గదంతా ఎగిరి, జుట్టు నిండా తెల్లగా లేచిన అన్నను చూసి హెచ్ఆర్ అమ్మాయి ఏమడగాలో తెలియక, "అంతా ఓకేనా?" అంది.

"మంచు మెత్తగుండాదమ్మా. ఈ ఏడు ఫరవాలేదు" అన్నాడు.

జూన్ నెలలో మాత్రం ఆయనతో వేగలేకపోయేవాళ్లం. అక్కడ కోడిపిల్లలు గుడ్డులోంచి బయటికొచ్చేది అప్పుడే. మొదటి వారంలో చలివాన పడితే పిల్లలు తడిసి చనిపోతాయి. ఇక్కడ మేము, వానలు ఎప్పుడొస్తాయా, ఎండ ఎప్పుడు తగ్గుతుందా అని ఉడికిపోతుంటే, ఆయన స్క్రీన్ మీద ఆ ఊళ్ల వాతావరణం చూస్తూ గొణిగేవాడు. "పడతాంది పాపా. ఇంగా పడతానే ఉండాది. తల్లి రెక్కలు ఎంతమందికి సరిపోతాయి?" పక్క సీటులో వాక్యూమ్ క్లీనర్ల అబ్బాయి ఆయన ఇంట్లో ఎవరికో బాగాలేదనుకుని ఓదార్చాడు.

ఈ అంచనాల భాష ఆయనకు ఎంతగా పట్టేసిందంటే, ఆఫీసును కూడా ఆ భాషలోనే చూసేవాడు. "ఈ వారం పూరీల లభ్యత సగటు కన్నా తక్కువ. తొలి గంటలోనే ప్రయత్నించండి." "మేనేజర్ మంగళవారం మీటింగ్ గది అంచుల్లో తిరుగుతాండాడు. శబ్దం చేయకుండా లిఫ్టు వైపు నుంచి పోండి." "క్యాబులు గేటు దగ్గర దొరకవు. ఎండ ముదిరినాక మెట్రో స్టేషన్ కింద నీడలో ఉంటాయి, ఆడ చూడండి." నిజంగానే అక్కడ ఉండేవి. జీతాలు పెంచే కాలం వచ్చిందా, అందరం వెళ్లి ఆయన సీటు చుట్టూ నిలబడేవాళ్లం. ఆయన మఫ్లర్ సర్దుకుని, "చలి ఎక్కువ. మేత తక్కువ. బలమైనవి మాత్రమే మిగుల్తాయి" అనేవాడు.

అలా నవ్వుకుంటూ గడిచిపోయేదే. ఒక ఏడాది వాన నిజంగానే చెడగొట్టింది.

ఆ చలికాలంలో అక్కడ మంచు పెచ్చు కట్టింది. జూన్‌లో మొదటి వారమంతా చలివాన. అన్న భోజనం కూడా సరిగ్గా చేసేవాడు కాదు. ఆగస్టులో అంచనా రాసి నా దగ్గరికి పంపాడు. మొదటి వాక్యమే ఇది: "ఈ ఏడు మంచుకోళ్లు తక్కువే. కుక్క ఉన్నవాళ్లు దాన్ని నడకకు తీసుకెళ్లినట్టు అనుకుని రండి."

మధ్యాహ్నానికల్లా మేనేజర్ వచ్చాడు. ఆ వెబ్‌సైట్ యజమానురాలికి ఆ అడవిలోనే వేటగాళ్లు దిగే వసతిగృహం కూడా ఉంది. ఆమె మేనల్లుడు ప్రచారం పనులు చూస్తాడు. ఈ రాత చదివితే బస బుక్ చేసుకునేవాళ్లు ఉండరని అతను గోల పెట్టాడట.

"ఆ 'తక్కువ' అన్న మాట తీసేద్దామండి" అన్నాడు మేనేజర్. "దాని బదులు 'సవాలుతో కూడిన ఆనందం' అందామండి."

"పిట్టే లేకపోతే సవాలు ఎవరితో సార్?"

"అదేనండి. ఆ సవాలు."

అన్న తల అడ్డంగా ఊపాడు. మేనేజర్ చాలా మాటలు తెచ్చాడు. 'మిశ్రమం' అన్నాడు. 'ఆశాజనకం' అన్నాడు. 'ఓపిక ఉన్నవారికి ఫలితం' అన్నాడు. కూరగాయల బండి దగ్గర బేరమాడినట్టు ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. అన్న 'తక్కువ' నుంచి కదల్లేదు. చివరికి మేనేజర్ గొంతు తగ్గించి, ఈ క్లయింట్ పోతే ఈ పని పోతుందనీ, ఈ వయసులో బయట ఇంకో పని దొరకడం కష్టమనీ, తన చేతుల్లో కూడా ఏమీ ఉండదనీ చెప్పి వెళ్లిపోయాడు. బెదిరింపులా చెప్పలేదు. నిజంగానే బాధపడుతూ చెప్పాడు.

సాయంత్రం గేటు దగ్గర కుక్కను దాటడానికి నా కోసం ఆగి ఉన్నాడు.

"అన్నా, ఒక్క మాటే గద. మార్చురి. ఆ పిట్టలను మనం చూసినమా, వాళ్లు మనలను చూసిన్రా?"

"మా మామ తెలుసు గదా నీకు" అన్నాడు.

తెలుసు. ఆయన మామగారు పొద్దున్నే ఫోన్ చేసి అల్లుణ్ని 'వానరాజా' అని పిలుస్తాడని ఆఫీసులో అందరికీ తెలుసు. ఎందుకలా అంటాడో ఆ రోజు చెప్పాడు. పత్రికలో పనిచేసేటప్పుడు ఒక ఏడు, వానలు బాగుంటాయని రాయమని పైనుంచి చెప్పారట. ఈయన రాశాడు. అల్లుడు రాశాడు కదా అని మామ ఉన్న పొలమంతా వేరుశనగ విత్తాడు. వాన రాలేదు.

"ఆయప్ప ఒక్క మాట అనలేదు పాపా. ఆ పొద్దు నుంచి వానరాజా అంటాడు, అంతే. ఇంగ చాలు నాకు ఆ బిరుదు. ఆడ ఎవడో పెండ్లాన్ని బతిమాలుకుని సెలవు పెట్టుకుంటాడు. నా మాట నమ్మి చలిలో వచ్చి నిలబడతాడు. వాడు నన్ను ఏమని పిలుస్తాడు?"

మాట్లాడుతూనే కుక్కను దాటేశాం. కానీ ఆ రోజు ఆయన మాట మధ్యలో ఆపలేదు.

అంచనా అలాగే ఆగిపోయి ఉండగా, కొత్త కబురొచ్చింది. వెబ్‌సైట్ యజమానురాలు మా కంపెనీ చూడ్డానికి స్వయంగా హైదరాబాద్ వస్తోంది. ఆ వేటగాణ్ని కలవాలంటోంది. ఆయన అక్కడ చాలాకాలం వేటాడి సొంతూరు తిరిగొచ్చిన మనిషని మా సేల్స్ వాళ్లు ఎప్పుడో ఆమెకు చెప్పేశారట.

మేనేజర్ ముఖం పాలిపోయింది. ఆ ఫొటోను తెచ్చి అన్న పక్కన పెట్టి చూశాడు. "చొక్కా దొరుకుతుందండి. గడ్డమే..."

"గడ్డం వద్దు సార్. సాంబార్ల పడ్తది" అన్నాను నేను.

కొండాపూర్‌లో ఒక దుకాణంలో ఎర్ర గళ్ల చొక్కా దొరికింది. రెండు సైజులు పెద్దది. వాళ్లావిడ వెనకాల పిన్నులు పెట్టి పంపింది. ముందు నుంచి చూస్తే వేటగాడు, వెనక నుంచి చూస్తే దర్జీ దుకాణంలో బొమ్మ. ఆ రోజంతా ఆయన వీపు ఎవరికీ చూపించకుండా గోడల వెంట నడిచాడు.

ఆమె వచ్చింది. ముసలావిడ, కానీ తలుపు కన్నా కొంచెమే పొట్టి. ఎండకూ చలికీ మాడిన ముఖం. పెద్ద పెద్ద చేతులు. మేము ఇచ్చిన పూలగుత్తిని చెట్టు కొమ్మ పట్టుకున్నట్టు పట్టుకుంది. మీటింగ్ గదిలో కూర్చోగానే అన్నను నేరుగా అడిగింది.

"మీ కుక్క ఏ జాతి?"

మంచుకోళ్ల వేటలో కుక్కే సగం పని చేస్తుందట. వేటగాళ్లు కలిస్తే ముందు మాట్లాడుకునేది దాని గురించేనట. అన్న నోరు తెరిచాడు. మేనేజర్ ముందుకు వంగి, "అది ఈ మధ్యే పోయిందండి. ఆయన దాని గురించి మాట్లాడలేరు" అన్నాడు. ఇంగ్లీషులోనే అన్నాడు, కానీ ఆ 'అండి' అందులోనూ వినిపించింది.

ఆమె లేచి వచ్చి అన్న భుజం మీద చెయ్యి వేసి, కాసేపు తల వంచుకుని నిలబడింది. అన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి సిగ్గుతో వచ్చినవని నాకు తెలుసు. ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది. పిన్ను గుచ్చుకున్నట్టుంది, అన్న కెవ్వుమన్నాడు. అది కూడా దుఃఖమే అనుకుంది.

భోజనం అయ్యాక కొంచెం గాలిలో నడుద్దామంది ఆమె. నలుగురం కిందికి దిగాం. గేటు దగ్గరికి వచ్చేసరికి, ఇన్నేళ్లలో ఎన్నడూ లేవని ఆ గోధుమరంగు కుక్క లేచి నిలబడింది. ఒళ్లు విరుచుకుని, తోక ఊపుతూ కొత్త మనిషి వైపు నడిచి వచ్చింది.

"ఇయ్యాల లేచింది చూడురి" అన్నాడు మల్లేశం, ఆశ్చర్యంగా.

తిరిగి చూస్తే అన్న కనిపించలేదు. ముసలావిడ వెనకాల ఉన్నాడు. ఆమె భుజానికున్న సంచీ రెండు చేతులా పట్టుకుని, అది తనకూ కుక్కకూ మధ్య ఉండేలా తిప్పుతున్నాడు. కుక్క ఎటు వస్తే ఆయన అటు నుంచి ఇటు. సంచీతో పాటు ఆమె కూడా గిర్రున తిరుగుతోంది. ఆయన వీపు మీది పిన్నులన్నీ ఎండలో తళతళమంటున్నాయి. చివరికి ఆమె కిందికి వంగి కుక్క తల మీద చెయ్యి పెట్టింది. అది కూర్చుంది.

"మీకు కుక్కంటే భయమా?" అని అడిగింది.

"అవును మేడమ్."

"అడవి?"

"మీ అడవి నేను చూడలేదు మేడమ్."

"పిట్ట?"

"వీడియోలో చూసినాను."

మేనేజర్ కళ్లు మూసుకున్నాడు. ఆమె కుక్క చెవుల వెనక గోకుతూనే ఉంది.

"మరి నా అడవిలో పిట్టలు తక్కువని ఎలా రాశారు?"

అన్న సంచీ వదిలేశాడు. ఆయన ఇంగ్లీషు రాతలో ఎంత బాగుంటుందో మాటలో అంత తడబడేది. కానీ ఆ రోజు ఒక్కొక్క మాటే పేర్చి చెప్పాడు. "జూన్‌లో మీ దగ్గర చలివాన పడింది. పిల్లలు అప్పుడే బయటికొచ్చినాయి. నేను ఇక్కడ కూర్చుని రోజూ చూస్తా ఉన్నా. ఏమీ చేయలేకపోయినాను. అవి లేవు మేడమ్. ఉన్నాయని రాయలేను."

ఆమె కుక్క చెవులు వదిలి రోడ్డు వైపు చూసింది. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. తర్వాత, తమ ఇంటి వెనక ఒక మంచుకోడి పొదిగిందనీ, ఆ వానలో అది రెక్కలు పరుచుకుని కూర్చోవడం కిటికీలోంచి చూశాననీ, వాన వెలిశాక చూస్తే తల్లి ఒక్కటే నడుస్తూ కనిపించిందనీ చెప్పింది.

"తక్కువ అనే ఉండనివ్వండి. మా మేనల్లుడికి నేను చెప్పుకుంటాను" అంది. నాలుగడుగులు వేసి ఆగింది. "మూస్ నోరు తెరిపించి పళ్లు చూడమన్నది మీరేనా?"

"నేనే మేడమ్."

ఆమె నవ్వింది. గేటు పట్టుకుని, వంగిపోయి, ముఖం ఎర్రబడేదాకా నవ్వింది. కుక్క లేచి, అవతలి నీడకు వెళ్లి పడుకుంది.

వెళ్లేముందు, ఎవరిదో తెలియని ఆ ఫొటో తీసేసి ఆయన సొంత ఫొటో, సొంత పేరు పెట్టమని చెప్పింది. అన్న చేతులు జోడించి వద్దన్నాడు. "మా మామ చూస్తాడు మేడమ్. మళ్లీ అంచనాలా అంటాడు" అన్నాడు. దాని అర్థం ఆమెకు విడమర్చి చెప్పడానికి మేనేజర్‌కు చాలాసేపు పట్టింది.

'తక్కువే' అన్న మాట అచ్చంగా అలాగే వచ్చింది. ఆ ఏడు ఆమె వసతిగృహం సగం ఖాళీగా ఉందని విన్నాం. మేనల్లుడు అలిగి వేరే ఊరు వెళ్లిపోయాడట. కానీ పని పోలేదు. అన్న మఫ్లర్ చుట్టుకుని ఎప్పటిలాగే కూర్చున్నాడు.

ఆ మరుసటి ఏడు అన్నీ కలిసొచ్చాయి. మెత్తటి మంచు లోతుగా పడింది. జూన్ పొడిగా, వెచ్చగా గడిచింది. కోడిపిల్లలు పెద్దవవుతున్నాయని ఆమె దగ్గర్నుంచి కబురు కూడా వచ్చింది. అన్న ఆఫీసులో అందరికీ పుట్నాలపప్పు లడ్లు పంచాడు, మనవలు పుట్టినంత సంబరంగా.

ఆగస్టు వచ్చింది. అంచనా రాలేదు. నేను అడిగితే రేపు అన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ రేపు అన్నాడు. చివరికి ఆయన సీటు దగ్గరికి వెళ్లాను. స్క్రీన్ మీద ఒకే వాక్యం ఉంది: "ఈ ఏడు మంచుకోళ్లు చాలా బాగున్నాయి." కీబోర్డు మీద ఆయన చూపుడు వేలు ఆగిపోయి ఉంది.

"ఏమైందన్నా?"

"బాగున్నాయని రాస్తే వస్తారు పాపా."

"వస్తే మంచిదే గద."

"తుపాకులు తీసుకుని వస్తారు."

నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్లూ ఇద్దరం అదే పని చేశాం. వేట అన్న మాట రోజూ టైపు చేశాం. కానీ దాని చివర్లో ఏముంటుందో ఆయనకు ఆ రోజే ఎదురొచ్చినట్టుంది. అక్కడ వేటకు కాలాలున్నాయి, అనుమతులున్నాయి, ఎన్ని కొట్టొచ్చో హద్దులున్నాయి, తప్పేమీ కాదని ఆయనకు నాకంటే బాగా తెలుసు. తెలిసినంత మాత్రాన వేలు కదల్లేదు.

"తక్కువని రాద్దమా మరి?" అన్నాను.

ఆయన నా వైపు ఎంత కోపంగా చూశాడంటే, నేను లేచి నా సీటుకు వచ్చేశాను.

మర్నాడు అంచనా వచ్చింది. మొదటి వాక్యం అలాగే ఉంది. మంచు గురించి, జూన్ గురించి, పిల్లల గురించి ఉన్నదున్నట్టు రాశాడు. తర్వాత, అంతకుముందెన్నడూ లేని ఒక కొత్త భాగం ఉంది: వేటకు వచ్చేవారికి సూచనలు.

"తెల్లవారకముందే లేవాల్సిన పని లేదు. బాగా నిద్రపోండి. కడుపునిండా టిఫిన్ చేసి, ఎండ ఎక్కాక నెమ్మదిగా బయలుదేరండి. ఒంటరిగా వెళ్లకండి, మాటకారి మిత్రుణ్ని వెంటబెట్టుకోండి. దారి పొడవునా కుటుంబ విషయాలు మాట్లాడుకోండి. ఎండుటాకులున్న చోట పాదం గట్టిగా వేస్తే ఒంటికి మంచిది. మీ కుక్క మెడకు పెద్ద గంట కట్టండి, తప్పిపోకుండా ఉంటుంది. పిట్ట లేచినప్పుడు కంగారు పడకండి. ముందు దాని తోక చూడండి, విసనకర్రలా విచ్చుకుంటుంది. తర్వాత మెడ మీది ఈకలు చూడండి. ఆ తర్వాత మీ మిత్రుడికి చూపించండి. అప్పుడు కావాలంటే తుపాకీ ఎత్తండి."

రెండుసార్లు చదివి, అన్న దగ్గరికి వెళ్లాను. "అన్నా, గిట్ల పోతే ఒక్కటి గూడ దొరకదు."

"దొరకదని యాడన్నా రాసినానా?" అన్నాడు. "చదువు. బాగున్నాయనే రాసినా. అబద్ధం ఒక్కటుంటే చూపించు, తీసేస్తా."

వెతికాను. ఒక్కటి కూడా లేదు. ఒక కామా మాత్రం తప్పుంటే దిద్ది పంపేశాను.

ఆ సాయంత్రమే ముసలావిడ ఫోన్ చేసింది. మేనేజర్ స్పీకర్ పెట్టాడు. "ఈ సూచనలు వేటగాళ్లకా, పిట్టలకా?" అని అడిగింది.

అన్న మఫ్లర్ సర్దుకున్నాడు. "ఇద్దరూ చదవొచ్చు మేడమ్."

ఆమె ఒక్క అక్షరం మార్చకుండా వేస్తానని చెప్పి పెట్టేసింది.

ఆ చలికాలంలో అన్న పోయాడు. గుండె. ఇంట్లో, మధ్యాహ్నం భోజనం చేసి మంచం మీద పడుకుని, ఇక లేవలేదు. పెద్దకర్మ రోజున ఆఫీసు నుంచి నలుగురం పుప్పాలగూడలో వాళ్ల అపార్ట్‌మెంటుకు వెళ్లాం. కింద సెల్లారులో షామియానా కింద భోజనాలు. మామగారు వచ్చాడు. బాగా పెద్దవాడు, తలపాగా చుట్టుకుని ఒక కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ "మా వానరాజు" అనే చెబుతున్నాడు. ఇంకే పేరూ ఆయన నోట రాలేదు.

మేనేజర్ నా పక్కనే కూర్చున్నాడు. ఆకు ముందు కూర్చుని, ఫోన్ తీసి, ముసలావిడ రాసిన సందేశం చదివి వినిపించాడు. ఆ సీజన్‌లో వసతిగృహం నిండిపోయిందట. ఇన్ని పిట్టలు లేవడం తాను చాలా ఏళ్లుగా చూడలేదట. ఇంత తక్కువ పిట్టలు వంటింట్లోకి రావడం మాత్రం ఎన్నడూ చూడలేదట. వచ్చినవాళ్లంతా హాయిగా నిద్రపోయి, ఒకరి ఇంటి సంగతులొకరు తెలుసుకుని, వచ్చే ఏడుకు అప్పుడే చోటు పట్టుకుని వెళ్లారట.

పప్పు గిన్నె పట్టుకుని వడ్డిస్తున్న వదిన ఆగి వింటోంది. వాళ్లాయన అన్నేళ్లు చేసిన ఉద్యోగమేమిటో ఆమెకు ఎప్పుడూ సరిగ్గా అర్థం కాలేదు.

"అంటే ఏమైనట్టు పాపా?" అని నన్ను అడిగింది.

"కోళ్లు బతికినయ్ వదినా."

ఆమె గరిటె పప్పులో ముంచింది.

"అయితే సరే" అంది. "చెయ్యి తీయి, ఇంగొంచెం పప్పు వేస్తా."